గుండె నీరసిస్తే మంచమే మందా?

‘హార్ట్ ఫెయిల్యూర్’ అని డాక్టరు అనగానే ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడుతుంది. ఆ పేరే అలాంటిది మరి! నిజానికి గుండె ఆగిపోవడం కాదది. ఒంటికి కావలసినంత రక్తాన్ని గుండె పంపు చేయలేకపోవడం. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం దీని గుర్తులు. ఇక ఆ రోజునుంచీ ఇంట్లో వినిపించే మాట ఒకటే... ‘నువ్వు కదలకు, పడుకో!’

ప్రేమతో అనే ఈ మాటే కీడు చేస్తుంది. ఒకప్పుడు డాక్టర్లూ విశ్రాంతే మందనేవారు. 1988లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు కొద్దిమంది రోగులకు కొన్ని నెలలు వ్యాయామ శిక్షణ ఇచ్చి చూశారు. గుండె పంపింగ్ పెద్దగా మారలేదు. కానీ కాళ్ళకు రక్తప్రసారం పెరిగింది, కండరాలు ప్రాణవాయువును ఎక్కువగా తీసుకోగలిగాయి. అంటే ఆయాసమంతా గుండె పుణ్యమే కాదు, కదలక చిక్కిపోయిన కండరాలదీ అందులో వాటా ఉంది.

ఆడవాళ్ళకు ఎంత మేలు?

ఆ తర్వాత అమెరికా, కెనడా, ఫ్రాన్స్‌లలో 2,331 మందితో ‘హెచ్.ఎఫ్. యాక్షన్’ అనే పెద్ద అధ్యయనం జరిగింది. వ్యాయామం చేయాల్సిన వాళ్ళకు మొదట నిపుణుల ఎదుట 36 సార్లు శిక్షణ, తర్వాత ఇంట్లోనే. 2009లో ఫలితాలు వచ్చాయి. వ్యాయామం వల్ల ప్రమాదం పెరగలేదు, లాభం మాత్రం ఓ మోస్తరే. అయితే 2014లో అందులోని 661 మంది ఆడవాళ్ళ లెక్కలు విడిగా తీస్తే, చనిపోవడం లేదా ఆసుపత్రి పాలవడం అనే ముప్పు వ్యాయామం చేసిన వాళ్ళలో 26 శాతం తక్కువగా కనబడింది. మగవాళ్ళలో అంత తేడా లేదు. ఒక్క అధ్యయనంలో ఒక భాగం కాబట్టి ఇదే చివరి మాట అనలేం. కానీ ‘ఆడమనిషికి ఇవన్నీ ఎందుకు?’ అనేవాళ్ళకు మాత్రం ఇది గట్టి జవాబే.

విచిత్రమేమిటంటే, ఇలాంటి శిక్షణకు విదేశాల్లోనూ ఆడవాళ్ళే తక్కువగా వస్తున్నారు. మన దేశంలో జబ్బు కూడా ముందే వస్తోంది. 2013లో తిరువనంతపురం ఆసుపత్రుల్లో ఈ జబ్బుతో చేరిన 1,205 మంది వివరాలు సేకరిస్తే సగటు వయసు 61 ఏళ్ళే. అందులో ఆడవాళ్ళు 31 శాతం.

ఇంటిపని చాలదా?

‘రోజంతా చాకిరీయేగా, మళ్ళీ వాకింగ్ ఎందుకు?’ అని మనమే అనుకుంటాం. తడిబట్టల బకెట్ ఎత్తడం, ఊపిరి బిగబట్టి గ్రైండర్ జరపడం గుండెకు ఒక్కసారిగా భారం. శిక్షణ అలాకాదు. ఐదు, పది నిమిషాల నెమ్మది నడకతో మొదలై, వారాలు గడిచేకొద్దీ అరగంటకు చేరుతుంది. మాట్లాడుతూ నడవగలగాలి. మాట తడబడేంత ఆయాసం వస్తే వేగం తగ్గించాలి. ముందు ఒళ్ళు వేడెక్కించడం, చివర మెల్లగా ఆపడం తప్పనిసరి. కుర్చీలోంచి లేచి కూర్చోవడంలాంటివి కాళ్ళకు బలం.

అయితే సొంత వైద్యం వద్దు. జబ్బు మందులతో అదుపులోకి వచ్చాకే, డాక్టరు చూసి సరేనన్నాకే మొదలెట్టాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా, వాపు ఎక్కువైనా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించాలి. ఛాతీనొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వ్యాయామం చేస్తున్నాం కదా అని మందులు మానకూడదు.

అన్నిటికన్నా కష్టం క్రమం తప్పకుండా చేయడం. ఆ అధ్యయనంలోనూ ఇంటికెళ్ళాక చెప్పినంతసేపు చేసినవాళ్ళు సగంకన్నా తక్కువే. మన ఇళ్ళలో అయితే ఉదయం ఆ అరగంట టిఫిన్లకీ, క్యారియర్లకీ పోతుంది. కాబట్టి ఇది రోగి పట్టుదల ఒక్కటే కాదు, ఇంటిల్లిపాదీ సర్దుకోవాల్సిన విషయం. ‘మాత్ర వేసుకున్నావా?’ అని అడిగే భర్త, పిల్లలు ‘ఇవాళ నడిచావా?’ అని కూడా అడగాలి. ఆ అరగంట పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారో ముందే తేల్చుకోవాలి!