మామిడికాయ పుదీనా పానకము

వేసవి వచ్చినది. ఎండలో ఆడివచ్చిన బిడ్డలు దాహమని వంటయింటి గుమ్మమున నిలుచుచున్నారు. అంగడిలోని రంగునీళ్ల సీసా కొనియిచ్చుట సులభమే. కాని పచ్చిమామిడికాయలును పుదీనాయును చౌకగా దొరకు ఈ దినములలో ఆ వ్యయమేల? శ్రీరామనవమికి బెల్లము, మిరియములు వేసి పానకము కలుపుట మన సోదరీమణులకు క్రొత్త గాదు. ఆ పానకమునకు మామిడికాయ పులుపును, పుదీనా పరిమళమును జతచేయుటయే ఈ నెల మేము చెప్పబోవు విధము. ఉత్తరదేశమున ఇట్టి పానీయమునే ఆమ్ పన్నా యందురు.

కావలసిన వస్తువులు: పుల్లని పచ్చిమామిడికాయలు 500 గ్రాములు, బెల్లము 200 గ్రాములు, పుదీనా ఆకులు ఒక గుప్పెడు, వేయించి కొట్టిన జీలకఱ్ఱపొడి 1 చెంచా, మిరియాలపొడి పావుచెంచా, ఉప్పు అరచెంచా. ఇది ఎనిమిది గ్లాసులకు సరిపోవును.

చేయు విధము: కాయల తొడిమలు కోసి, సొన కారిపోవువఱకు నీళ్లలో నుంచి, బాగుగా కడుగవలెను. సొన మిగిలినచో పెదవులు మండును. కాయలను తొక్కతోనే మెత్తగా ఉడికించి, చల్లారిన పిదప తొక్కయు టెంకయు తీసి, గుజ్జును చేతితో పిసికి వడియగట్టవలెను. బొగ్గుల కుంపటి యున్నవారు కాయలను నిప్పులమీద కాల్చినచో రుచి మఱింత హెచ్చును. బెల్లమును కొద్ది వేడినీళ్లలో కరగించి, ఇసుక లేకుండ వడపోయవలెను. పుదీనాను మాత్రము ఉడికింపరాదు. ఉడికినచో ఆకు నల్లబడి సువాసన పోవును. పచ్చిఆకును మెత్తగా నూరి, చల్లారిన గుజ్జులో తక్కిన వస్తువులతో కలుపవలెను. ఈ ముద్దను గాజుసీసాలో పోసి శీతలపేటికలో నుంచినచో రెండుమూడు దినములు నిలుచును. త్రాగునపుడు ఎనిమిదవ పాలు గ్లాసులో వేసి, చల్లని నీరు నింపి కలుపవలెను.

పాత్రలు, నీరు: పులుపు రాగిని కరగించును. కావున కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో దీనిని ఒక గడియయు నుంచరాదు. గాజు, స్టీలు పాత్రలు మేలు. నీటిని మరుగగాచి చల్లార్చి వాడవలెను. బజారు మంచుగడ్డ వేయకుండుటయే మంచిది. నీరు గడ్డకట్టినంత మాత్రమున అందలి సూక్ష్మక్రిములు చావవు. మంచుగడ్డ లేనిలోటు క్రొత్తకూజా నీరు తీర్చును.

ఎవరికి తగదు: బెల్లమును చక్కెరవంటిదే గనుక మధుమేహ మున్నవారికి ఇది తగదు. రక్తపుపోటు గలవారు ఉప్పు తగ్గించుకొనవలెను. ఆరునెలలు నిండని శిశువునకు తల్లిపాలు తప్ప మఱేదియు వలదు. విరేచనములైనపుడు ఈ తీపిపానకము గాక, మందుల అంగడిలో దొరకు ఓ.ఆర్.ఎస్. పొడిని కట్టమీద చెప్పినట్లు కలిపి త్రాగింపవలెను. వడదెబ్బ తగిలి మాట తడబడువానికి, స్మృతి తప్పినవానికి నోట ఏమియు పోయరాదు. నీడకు చేర్చి, ఒంటిని నీటితో తడిపి, విసరుచు, వెంటనే 108కి కబురుచేయవలెను.

కడపట నొకమాట. పోయిన వేసవిలో మాయింట చుట్టములు చేరియుండగా మా పిన్నిగారు ఈ పానకమే చేసిరి. పిల్లలకు, మగవారికి, వాకిట నిలిచిన కూరగాయలవానికిని గ్లాసులు పంపిరి. తాము పొయ్యియొద్దనే యుండిరి. రెండు గంటలవేళ గిన్నె దింపబోయి కండ్లు తిరిగి కూలబడిరి. తడిగుడ్డ వేసి విసరి, తెలివిగా మాటాడిన పిదప పానకము త్రాగింతమని చూచితిమి గదా, గిన్నెలో ఒక చుక్కయు మిగులలేదు. ప్రొద్దుటినుండి ఆమె మంచినీళ్లయినను ముట్టలేదట! "అందఱికి ఇచ్చినదాక నాకు తోచనేలేదమ్మా" అని ఆమె నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఎండ వీథిలో నెంతయో, పొయ్యియొద్దను అంతయే. అందఱి దాహము నెఱిగిన యిల్లాలు తన దాహమును మఱచుట గొప్పగుణమని మనము పొగడుచుందుము. అది ఆమె ప్రాణముమీదికి వచ్చునని తలపము.

కావున సోదరీమణులారా, రుచి చూచుటకైనను మొదటి గ్లాసు మీరే త్రాగుడు. పిదపనే పళ్లెరము చేతబట్టుడు.