పెద్ద ఇంటికి కావాల్సింది పెద్ద రౌటర్ కాదు

రాజపాళయంలో మన పాత ఇళ్లకు వైఫై పెట్టించేటప్పుడు అందరూ అడిగే మాట ఒకటే: "అన్నిటికంటే పవర్ ఎక్కువుండే రౌటర్ ఏది?" అడగాల్సింది అది కాదని మా అభిప్రాయం. "వైరు ఎక్కడిదాకా లాగాలి?" అని అడగాలి.

మన ఇళ్లు ఎట్లా ఉంటాయో చూడండి. వీధి వైపు అరుగు, తర్వాత హాలు, నడుమ మండువా, వెనక వంటిల్లు, ఆపైన పెరడు. ఇటుక, సున్నంతో కట్టిన లావుపాటి గోడలు. ఫైబర్ లైను వీధిగదిలోకి వస్తుంది, రౌటర్‌నూ అక్కడే తగిలిస్తారు. రెండు గోడలు దాటేసరికి సిగ్నల్ నీరసపడుతుంది. దారిలో ఇనుప బీరువా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

యాంటెనాలు ఎనిమిదున్నా ఇదే కథ. రౌటర్ ఒక్కటే గట్టిగా అరిస్తే చాలదు, చేతిలోని చిన్న ఫోను ఇచ్చే జవాబు కూడా అదే గోడ దాటి వెనక్కి రావాలి. 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువ, గోడలంటే భయం. 2.4 గిగాహెర్ట్జ్ ఇంకొంచెం లోపలికి వస్తుంది గానీ వేగం తక్కువ.

అందుకే వైరు. క్యాట్ 6 వైరు 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. మండువా దగ్గర ఒకటి, మేడమీద ఒకటి యాక్సెస్ పాయింట్ పెట్టి, రెండిటికీ వైరు లాగితే మామూలు రౌటరే చాలు. అన్నిటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టండి. పెరటి అవతల కొట్టందాకా కావాలంటే ఫైబరే మేలు, పిడుగుల కాలంలో రాగి తీగ ప్రమాదం.

పాత గోడకు రంధ్రం వేయడానికి మనసొప్పదంటారా? అప్పుడు మెష్ తీసుకోండి. కానీ రెండో పెట్టెను సిగ్నల్ లేని చోట పెడితే లాభం లేదు, ఇంకా బాగా అందుతున్న చోటే పెట్టాలి. ఏది పెట్టినా, ఫైబర్ పెట్టెతో సహా అన్నిటినీ ఇన్వర్టర్ లైనుకు కలపండి.

ఇంత తంటా సినిమాల కోసమా? కాదు. మనం చదివింది అరవ బళ్లలో. మనలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు, మన తెలుగు నోట్లోనే బతుకుతోంది. పిల్లలేమో చెన్నైలో, బెంగళూరులో, అమెరికాలో. వాళ్ల బిడ్డలకు మన మాట చెవిన పడేది అవ్వాతాతలతో మాట్లాడే ఆ వీడియో కాల్‌లోనే. అవ్వ కూర్చునేది వంటింటి గడప దగ్గర, సిగ్నల్ ఉండేది వీధిగదిలో. మోకాళ్ల నొప్పులతో ఆమె అంతదూరం నడిచి రావాలా? మాట మాటకీ తెగిపోతుంటే అవతలి బిడ్డ విసుక్కుని ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తుంది.

కాబట్టి కొనడానికి ముందు ఫోను పట్టుకుని ఇల్లంతా తిరగండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు రోజూ ఎక్కడ కూర్చుంటారో అక్కడ గుర్తు పెట్టండి. మొదటి వైరు అక్కడికే పోవాలి. మిగతా గదుల సంగతి తర్వాత.