శిశుసంరక్షణము: మూలుగ మార్పిడి పిదప



తలసేమియా, రక్తపు క్యాన్సరు మున్నగు వ్యాధులచే బాధపడు బిడ్డలలో కొందఱికి ఎముకల మూలుగయందలి మూలకణములను మార్చు చికిత్స జరుగుచున్నది. 1968వ సంవత్సరమున అమెరికాలోని మిన్నెసోటాయందు రాబర్టు గుడ్ అను వైద్యుడు, పుట్టుకతోనే రోగనిరోధకశక్తి కొఱవడిన యొక పసివానికి అక్క మూలుగ నెక్కించి ప్రాణము నిలిపెను. బిడ్డ ఆసుపత్రి నుండి యిల్లు చేరగనే గండము గడచినదని చుట్టములు సంతసింతురు. కాని తల్లి కాపలా అప్పుడే ప్రారంభమగును.

ఈ చికిత్సకు ముందు సాధారణముగా తీవ్రమైన మందులచే పాత మూలుగను నశింపజేయుదురు. బిడ్డకు పూర్వము వేయించిన టీకాల బలము సయితము దానితో చాలవఱకు పోవును. క్రొత్త కణములలో న్యూట్రోఫిలులు రెండు మొదలు నాలుగు వారములలో కానవచ్చును. బి-కణములకు, టి-కణములకు ఆఱునెలలు మొదలు ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. టి-కణములు ఱొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథియందు శిక్షణ పొందవలెను. ఈ గ్రంథి పెద్దలలో కృశించును. పిల్లలలో చుఱుకుగా నుండును. కావున బిడ్డలు పెద్దలకంటె త్వరగా కోలుకొందురు. క్రొత్త కణములు బిడ్డ శరీరముపైననే తిరుగబడినను, దాని నణచుటకు స్టిరాయిడ్లు వాడవలసివచ్చినను ఆలస్యమగును. తెల్లకణముల లెక్క సరిపడినంత మాత్రమున రక్షణ పూర్తియైనదని తలపరాదు.

ఇంట పాటింపవలసినవి:

దగ్గు, పడిసెము గలవారిని, వారెంత దగ్గఱి బంధువులైనను, బిడ్డకడకు రానీయరాదు. బిడ్డను ముట్టుకొనుటకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. వేడిగా వండిన యన్నము, కాచి చల్లార్చిన నీరు ఇయ్యవలెను.

జ్వరము 100.4 డిగ్రీలు చేరినచో ఇంటిమాత్రలతో కాలము గడపక, అర్ధరాత్రియైనను ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

తట్టు గాని ఆటలమ్మ గాని సోకినవారి చెంత బిడ్డ యుండెనని తెలిసిన నాడే వైద్యునకు చెప్పవలెను. పొక్కులు కనబడువఱకు వేచియున్నచో నివారణౌషధమునకు సమయము మించిపోవును.

తోబుట్టువులకు పోలియో చుక్కలు వేయించుటకు ముందు వైద్యుని అడిగి, చుక్కలకు మాఱుగా సూదిమందు వేయించుట మేలు. బిడ్డకు టీకాలన్నియు మొదటినుండి మరల వేయింపవలెను. నిర్జీవపు టీకాలు ఆఱునెలలు మొదలు ఏడాదిలోపల ఆరంభింతురు. తట్టు టీకా వంటి సజీవపు టీకాలు రెండేండ్లు నిండకమున్ను పనికిరావు, అటుపిమ్మటను వైద్యుని యనుమతి కావలెను.

మఱియొక మాట. మూలుగ నిచ్చినది తఱచుగా తోడబుట్టిన బిడ్డయే. రోగిబిడ్డ సేవలో ఆ చిన్నప్రాణమును మఱవకుడు. దానికిని తల్లి యొడి కావలెను.