తాడు లాగితే పలకాలంటే...

మిరపచేనుకు ముడత వచ్చింది. మందు తెచ్చారు. డ్రమ్ములో నీళ్లు పట్టారు. స్ప్రేయర్ ఇంజన్ తాడు లాగారు. ఒకసారి... రెండుసార్లు... ఇరవైసార్లు. ఉలుకూ లేదు, పలుకూ లేదు! ‘మొన్న ఫిబ్రవరిలో బాగానే ఆడిందే, ఇప్పుడేమొచ్చింది దీనికి?’ అని చిరాకు. దానికేం రాలేదు. ఫిబ్రవరి నుంచీ దాని మొహం ఎవరూ చూడలేదు, అంతే!

నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల వెళ్లే దారిలో వస్తుంది నకరికల్లు. మిర్చి, పత్తి పండే పల్నాడు నేల. ఈ పల్లెల్లో చిన్న పెట్రోలు ఇంజన్లకు పని ఎక్కువ. ఒకటి మందు కొట్టడానికి, ఒకటి గట్లమీద గడ్డి కొట్టడానికి. స్కూలు ఆవరణలోనో ఫంక్షన్‌హాలు ముందో పచ్చిక ఉంటే, అక్కడ నాలుగు చక్రాల లాన్ మూవర్ మీద మరొకటి. బయటికి రూపాలు వేరుగానీ లోపల గుండెకాయ మాత్రం ఒకటే. పిడికెడంత సిలిండరు, ఒక పిస్టను, ఒక ప్లగ్గు.

2021-22 సీజన్‌లో నల్ల తామరపురుగు మిర్చిని ఎలా తుడిచిపెట్టిందో ఇక్కడి రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. పురుగు కనిపించిన రోజున ఇంజన్ మొరాయించి రెండు రోజులు షెడ్డులో కూర్చుంటే ఆ నష్టం మెకానిక్ బిల్లుతో పోదు. కాబట్టి ఈవారం ఆ చిన్న ఇంజన్ సంగతి చూద్దాం.

పొయ్యి తెలిస్తే ఇంజనూ తెలిసినట్టే

పొయ్యి మండాలంటే ఏం కావాలి? కట్టె, గాలి, అగ్గిపుల్ల. ఇంజనుకూ అవే. కట్టెకు బదులు పెట్రోలు, అగ్గిపుల్లకు బదులు ప్లగ్గు ఇచ్చే నిప్పురవ్వ. అదనంగా కావలసింది ఒక్కటే... ఒత్తిడి. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా నొక్కితేనే మంటకు బలం వస్తుంది. మెకానిక్‌లు దీన్నే కంప్రెషన్ అంటారు.

ఇంజన్ స్టార్టు కాలేదంటే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి లేదన్నమాట. వరసగా చూసుకుంటూ పోతే దొంగ దొరికిపోతాడు. కానీ మనం చేసేదేంటి? తాడు మీద కోపం చూపిస్తాం. తెగేదాకా లాగుతాం. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంటాం.

మొదట చూడాల్సినవి మరీ చిన్న విషయాలు. స్విచ్ ఆన్‌లో ఉందా? పెట్రోలు కాక్ తెరిచారా? చల్లగా ఉన్న ఇంజనుకు చోక్ వేశారా? బ్రష్ కట్టర్‌కు కార్బ్యురేటర్ కింద చిన్న రబ్బరు బుడగ ఉంటుంది. దాన్ని ఏడెనిమిదిసార్లు నొక్కారా? నవ్వకండి. ఇవి మరిచిపోయి బండెక్కించి నరసరావుపేట దాకా మోసుకుపోయేవాళ్లూ ఉంటారు.

ప్లగ్గు చెప్పే కబురు

అవన్నీ సరిగ్గానే ఉన్నాయా? అయితే నీడపట్టున, పెట్రోలు డబ్బాకు దూరంగా కూర్చుని ప్లగ్గు విప్పండి. డాక్టరు నాలుక చూసినట్టు దాని మొన చూడండి.

తడిగా ఉందా? పెట్రోలు అందుతోంది కానీ అంటుకోవడం లేదు. చోక్ వేసి ఆపకుండా లాగడం వల్ల సిలిండర్ పెట్రోలుతో నిండిపోయి ఉండొచ్చు. స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్గు లేకుండానే నాలుగైదుసార్లు తాడు లాగండి. లోపలి తడి బయటికి పోతుంది. ప్లగ్గు తుడిచి ఆరబెట్టి బిగించి, చోక్ తీసేసి ప్రయత్నించండి.

పొడిగా ఉందా? అసలు పెట్రోలే రావడం లేదు. ట్యాంకు, పైపు, కార్బ్యురేటర్ వైపు చూడాలి.

నల్లటి మసి పట్టిందా? ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా ఆయిలు ఎక్కువై ఉండాలి. లేత గోధుమరంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యం భేషుగ్గా ఉన్నట్టు. తెల్లగా మాడినట్టుంటే వేడెక్కిపోతోందని అర్థం.

ప్లగ్గు మొన దగ్గర ఉండే సందు చాలా ఇంజన్లకు 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన కొలత మీ యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇత్తడి బ్రష్షుతో మసి గీకి, సందు సరిచేసినా రవ్వ రాకపోతే కొత్త ప్లగ్గు వేసి చూడండి. దీనంత చవకైన రిపేరు ఇంకోటి లేదు.

నిలవ పెట్రోలుతోనే అసలు తంటా

ఇక అసలు దొంగ దగ్గరికి వద్దాం. సీజను తర్వాత మొరాయించే ఇంజన్లలో ఎక్కువసార్లు పట్టుబడేది ట్యాంకులో మిగిలిపోయిన పెట్రోలే.

పెట్రోలు ఆవకాయ కాదు, నిలవ ఉన్నకొద్దీ రుచి రావడానికి! నెల దాటితే దాని చురుకు తగ్గుతుంది. తేలిగ్గా ఆవిరయ్యే భాగం ముందు ఎగిరిపోతుంది. మిగిలింది జిగటగా మారి కార్బ్యురేటర్‌లో బంకలా పేరుకుంటుంది. అక్కడ పెట్రోలు వచ్చే రంధ్రం సూదిమొనంత. ఆ కాస్త బంక చాలు, దారి మూసుకుపోవడానికి. పైగా ఇది పల్నాడు. ఎండాకాలం వార్తల్లో పేరు మార్మోగే రెంటచింతల ఈ జిల్లాలోనిదే. రేకుల షెడ్డులో మార్చి నుంచి జులై దాకా ఉన్న పెట్రోలు గతి ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

దీనికి తోడు ఇథనాల్ ఒకటి. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం 2003లో కొన్ని రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైంది. దేశం మొత్తమ్మీద సగటు 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. రోజూ తిరిగే మోటార్‌సైకిల్‌లో పోసింది వారంలో ఖర్చయిపోతుంది కాబట్టి తేమ చేరే వ్యవధి ఉండదు. నెలల తరబడి మూలనుండే స్ప్రేయర్ సంగతి అలా కాదు. తేమ మరీ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. పెట్రోలు పీల్చే పైపు ఉండేదీ అడుగునే! పాతకాలపు రబ్బరు పైపులు, డయాఫ్రాలు కూడా ఇథనాల్‌కు ఉబ్బి, గట్టిపడి పాడవుతాయి. చాలా చిన్న ఇంజన్ల పుస్తకాల్లో 10 శాతం మించి ఇథనాల్ వద్దని రాసి ఉంటుంది. మీ పుస్తకంలో ఏముందో ఒకసారి చూడండి. కొత్తది కొనేటప్పుడైతే ఈ20 పెట్రోలుకు పనికొస్తుందా అని దుకాణంలో అడిగి మరీ కొనండి.

అనుమానం ఉందా? ట్యాంకు అడుగు పెట్రోలును ఒక గాజుసీసాలోకి వంపి కాసేపు కదపకుండా ఉంచండి. మధ్యలో గీత గీసినట్టు రెండు పొరలు కనిపిస్తే నీళ్లు చేరినట్టే. ఘాటు పోయి వార్నిష్ వాసన వచ్చినా పారబోయాల్సిందే. ట్యాంకు కడిగి కొత్తది పోయండి. పైపు చివర ఉండే చిన్న ఫిల్టర్‌నూ శుభ్రం చేయండి. అయినా పలక్కపోతే కార్బ్యురేటర్ విప్పి క్లీనర్ స్ప్రేతో కడగాలి. రంధ్రంలో తీగ దూర్చొద్దు. రంధ్రం పెద్దదైతే ఇక ఆ ఇంజన్ ఎప్పటికీ సరిగ్గా ఆడదు. నోటితో ఊదడం, పైపుతో పెట్రోలు పీల్చడం అసలే వద్దు. అది పురుగుమందుల మధ్య తిరిగిన యంత్రం!

కాసేపు ఆడి ఆగిపోతోందా?

కొన్ని ఇంజన్లు శుభ్రంగా స్టార్టవుతాయి, పది నిమిషాలకు ఆగిపోతాయి. ‘బావా, కాయిల్ పోయినట్టుంది’ అని పక్కచేను ఆయన తీర్పు చెప్పేస్తాడు. తొందరపడకండి. ట్యాంకు మూత ఒకసారి వదులు చేసి చూడండి. మూతలో గాలి పోవడానికి సన్నని రంధ్రం ఉంటుంది. దుమ్ముతో అది మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. మూత వదులు చేయగానే ఇంజన్ అందుకుంటే, కాయిల్ ఖర్చు తప్పినట్టే. మూత కడిగి బిగించండి.

చోక్ వేసి ఉంచితేనే ఆడుతోందంటే పెట్రోలు దారి సగం మూసుకుపోయింది. ఖాళీగా బాగా తిరిగి, గడ్డిలో పెట్టగానే నీరసపడుతోందంటే గాలి ఫిల్టర్‌నూ సైలెన్సర్‌నూ చూడండి. స్పాంజి ఫిల్టరైతే సబ్బునీళ్లలో పిసికి, పూర్తిగా ఆరబెట్టి, రెండుమూడు చుక్కల ఆయిలు అద్ది పిండి పెట్టాలి. కాగితం ఫిల్టర్‌ను తడపకూడదు. మెల్లగా తట్టి దుమ్ము రాల్చాలి. రాలకపోతే మార్చాలి. సిలిండర్ చుట్టూ ఉండే రెక్కల మధ్య గడ్డి, మట్టి ఇరుక్కుంటే వేడి బయటికి పోదు. పాత టూత్‌బ్రష్‌తో వాటినీ దులపండి.

ఆయిలు లెక్క తప్పితే...

మీది టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా? ఆయిలు పోయడానికి వేరే మూత ఉంటే ఫోర్ స్ట్రోక్. పెట్రోలు ట్యాంకు ఒక్కటే ఉంటే టూ స్ట్రోక్. ఈ తేడా ఇంట్లో అందరికీ తెలియాలి.

టూ స్ట్రోక్‌కు పెట్రోలులోనే 2టి ఆయిలు కలపాలి. 50:1 అని రాసి ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. 40:1 అయితే 25, 25:1 అయితే 40 మిల్లీలీటర్లు. విడిగా డబ్బాలో కలిపి, బాగా కుదిపి పోయాలి. ఆయిలు మరిచి ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు బిల్లు చూసి గుండె కూడా పట్టేస్తుంది!

ఫోర్ స్ట్రోక్‌లో ఆయిలు వేరుగా ఉంటుంది. చిన్న బ్రష్ కట్టర్‌లో ఉండేది టీ గ్లాసుడే. అంత తక్కువ కాబట్టే పని మొదలుపెట్టే ప్రతిసారీ యంత్రాన్ని సమంగా నిలబెట్టి మట్టం చూడాలి. కొత్త ఇంజనుకు కంపెనీని బట్టి మొదటి 5 నుంచి 20 గంటల్లో ఒకసారి, ఆ తర్వాత 50 నుంచి 100 గంటలకోసారి మార్చాలి. పాలు కలిపినట్టు తెల్లగా కనిపిస్తే అందులో నీళ్లు చేరాయని గుర్తు.

రాయి తగిలిందా... ఆగండి

పచ్చిక కోసే యంత్రానికి దాదాపు 200 ఏళ్ల చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన 1830లో దాన్ని తయారుచేశాడు. బట్టల మిల్లులో గుడ్డపై లేచిన నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. అక్కడి మెత్తటి పచ్చికకు పుట్టిన యంత్రం ఇక్కడ సున్నపురాళ్ల నేలమీద తిరుగుతోంది మరి!

లాన్ మూవర్‌లో బ్లేడు నేరుగా ఇంజన్ షాఫ్టుకే బిగించి ఉంటుంది. రాయికి కొట్టుకుంటే ఆ దెబ్బ ఇంజనుకే. ఫ్లైవీల్‌ను షాఫ్టుతో కలిపి పట్టుకునే చిన్న లోహపు ముక్క ఒకటుంటుంది. కీ అంటారు. దెబ్బకు అది నలిగితే నిప్పురవ్వ వేళతప్పి పడుతుంది. తాడు లాగితే చేతిని వెనక్కి గుంజుతుంది. పెట్రోలూ రవ్వా అన్నీ ఉన్నా స్టార్టు కాదు. రాయి తగిలిన తర్వాత ఇలా జరిగితే ‘బ్లేడు రాయికి కొట్టుకుంది’ అని మెకానిక్‌కు తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయనకు సగం వెతుకులాట తప్పుతుంది. మూవర్‌ను పక్కకు వంచాల్సివస్తే కార్బ్యురేటర్ పైవైపు ఉండేలా వంచండి. లేదంటే ఆయిలు ఫిల్టర్‌లోకి చేరుతుంది.

యంత్రం పోతే కొనుక్కోవచ్చు...

వేళ్లు పోతే కొనుక్కోలేం. బ్లేడు ముట్టుకునే ముందు ప్లగ్గు మీది తొడుగు లాగి పక్కకు పెట్టడం ఒక అలవాటుగా మారాలి. ఇంజన్ ఆగి ఉన్నా, బ్లేడును చేత్తో తిప్పితే ఒక్క రవ్వకు అంటుకునే అవకాశం ఉంది. వేడి ఇంజనులో పెట్రోలు పోయకండి. పది నిమిషాలు చల్లారనివ్వండి. ఆ దగ్గర్లో బీడీ మాటే వద్దు. మూసిన గదిలో ఇంజన్ ఆడించకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం మాత్రం తీస్తుంది. గడ్డి కొట్టేటప్పుడు బూట్లు, కళ్లద్దాలు ఉండాలి. పిల్లలు కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి. గులకరాయి తూటాలా వస్తుంది.

మూలన పెట్టేముందు అరగంట

మిర్చి కోతలయ్యాక యంత్రాన్ని అలాగే గోడకు ఆనించకుండా ఈ పని చేయండి. ట్యాంకులో పెట్రోలు డబ్బాలోకి వంపేయండి. ఇంజన్ స్టార్టు చేసి దానంతటదే ఆగిపోయేదాకా ఆడించండి. కార్బ్యురేటర్‌లో మిగిలింది ఖర్చయిపోతుంది. చల్లారాక ప్లగ్గు విప్పి, సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిలు వేసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగి, ప్లగ్గు బిగించండి. ఫిల్టర్ కడగండి. స్ప్రేయర్ మందు ట్యాంకు, గొట్టాలు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. గోనెపట్టా కప్పి, వంటగదికీ ఎండకీ దూరంగా పెట్టండి. వంపిన పెట్రోలు మోటార్‌సైకిల్‌కు పనికొస్తుంది. ఆయిలు కలిపిందైతే వద్దు.

ఇవన్నీ చూశాక కూడా తాడు లాగినప్పుడు బిగువు తెలియకపోతే, కొత్త ప్లగ్గు వేసినా రవ్వ రాకపోతే, లోపల లోహం గీసుకున్న చప్పుడు వస్తే ఇక మీ ప్రయత్నాలు చాలించండి. అది మెకానిక్ పని.

మందు కొట్టే రోజుల్లో మెకానిక్‌కు ఖాళీ ఉండదు, మీకూ ఉండదు. అందుకే గోడమీది క్యాలెండర్‌లో రెండు తేదీలకు సున్నా చుట్టండి. ఒకటి పెట్రోలు వంపేసే రోజు. రెండోది నారు పోసే నాటికి ఇంజన్ ఒకసారి స్టార్టు చేసి చూసే రోజు. ఆ రోజు మొరాయించినా కంగారు లేదు... పురుగు రావడానికి ఇంకా టైముంది!