మన కుటుంబము: బండలు చూసేదానికా?



మన పల్లెవాళ్లము కడపకు ఎప్పుడు పోతాము? పెద్దాసుపత్రికి, కోర్టు వాయిదాకు, పిల్లల కాలేజీ ఫీజు కట్టడానికి, పెండ్లి బట్టలకు. పని అయిందంటే బస్టాండుకు పరుగు. ఆ ఊరికి మూడు వైపులా కొండలున్నాయి. నల్లమల, పాలకొండలు అంత దగ్గరగా ఉన్నా తలెత్తి చూసినవారు మనలో ఎందరు? నేనూ చాలా ఏండ్లు చూడలేదు.

క్రిందటి చలికాలము మా స్త్రీల మైత్రి కూటములో ఒక సహోదరి లేచి, "అమ్మగారూ, గండికోట చూసేదానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారంట. పక్కనే ఉండి మనమెందుకు పోకూడదు?" అని అడిగింది. తలా కొంత వేసుకుంటే వ్యాను బాడుగకు సరిపోతుందని లెక్క తేలింది. ఈ సంగతి తెలిసి సంఘపెద్ద ఒకాయన మా ఇంటికి వచ్చాడు. "బండలు చూసేదానికి ఇంత దుడ్డు పెట్టాల్నా అమ్మగారూ? దాంతో గుడికి రెండు ఫ్యాన్లు వస్తాయి గదా" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. ఆయన మాటలో న్యాయముంది. గుడిలో ఫ్యాన్లు లేక వేసవిలో పసిపిల్లలు ఏడుస్తారు. అదీగాక సినిమా, తిరునాళ్ల, షికారు అన్నీ ఒకే గంపలో వేసి, అవి లోకపు సంగతులని చిన్ననాడు నాకు నేర్పించారు.

ఆ రాత్రి మార్కు సువార్త 6వ అధ్యాయము చదివాను. భోజనానికి కూడ తీరిక లేని శిష్యులను ప్రభువు తానే ఏకాంత స్థలానికి రమ్మన్నాడు, అలసట తీర్చుకొమ్మన్నాడు. (జనము అక్కడికీ వెంటబడి వచ్చారనుకోండి, అది వేరే సంగతి.) మా అయ్యగారు ఏలీయాను గుర్తు చేశారు. దేవుడు అతనిని దాచి పోషించినది కెరీతు వాగు దగ్గరనే గదా! సరే, బయలుదేరాము.

గండికోట కడపకు సుమారు 80 కిలోమీటర్లు. జమ్మలమడుగు మీదుగా పోవాలి. జమ్మలమడుగులో మిషనరీ దొరలు స్థాపించిన క్యాంబెల్ ఆసుపత్రి మన పెద్దలందరికీ తెలిసినదే. మా వ్యానులో ఉన్నవారిలో ముగ్గురు ఆ ఆసుపత్రిలోనే పుట్టారు. అక్కడికి 15 కిలోమీటర్లలో ఉన్న గండిని మాత్రము ఆ ముగ్గురిలో ఒక్కరూ చూడలేదు.

కోట లోపల మాధవరాయ ఆలయము, రంగనాథాలయము, జామా మసీదు, ధాన్యము నిలువచేసిన పెద్ద కొట్టు ఉన్నాయి. అవి దాటి బండల మీదికి ఎక్కితే ఉన్నట్టుండి నేల అయిపోతుంది. సుమారు 300 అడుగుల క్రింద పెన్న! ఎర్రమల కొండలను కోసుకొని పోతున్నది. రెండు వైపులా ఎర్రని బండలు, మేస్త్రి వరుస పెట్టి పేర్చినట్లు. చాలామంది దానిని గ్రానైటు అంటారు గాని, కాదు. ఇసుక పొరలు పొరలుగా పడి గట్టిపడిన రాయి అది. భూగర్భ శాస్త్రజ్ఞులు 'గండికోట క్వార్ట్‌జైట్' అని దానికి ఆ ఊరి పేరే పెట్టారు. వంద కోట్ల ఏండ్లకు పైబడినదంటారు. ఈ మాట విని కొందరు విశ్వాసులు కలత పడతారు. నేను పడలేదు. దేవునికి తొందర లేదని మాత్రము తెలిసింది.

మాతో డెబ్బై దాటిన ఒక అవ్వ వచ్చింది. పెన్న దిగువన మా ఊరిలోనే ఆమె బ్రతుకంతా గడిచింది. ఆమెకు తెలిసిన పెన్న అంటే ఇసుక. ఎండాకాలము ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడి, బిందె నింపుకొని వచ్చిన ఏరు. బండ మీద కూర్చోబెట్టగానే చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది:

"ఇది మా యేరేనా అమ్మగారూ?"

"అవునవ్వా, ఇదే మన ఊరి పక్కకు వస్తుంది."

"నలభై ఏండ్లు దీన్ని తిట్టుకుంటా చెలమలు తవ్వితి. ఇంత రాయి కోసుకోని వస్తాదని నాకెవురు చెప్పిరి?"

పాడుదామని పాటల పుస్తకము తెచ్చిన సహోదరి దానిని తెరవలేదు. ఎవరమూ ప్రార్థన చేయమని ఎవరినీ అడగలేదు.

ఒక తప్పు కూడ చెప్పాలి. పిల్లలను ఎవరి చేతికి అప్పగించాలో నేను ముందుగా చెప్పలేదు. ఆరేండ్ల పిల్లవాడొకడు పరుగెత్తి అంచు దగ్గరకు పోయాడు. వాని మేనత్త చొక్కా పట్టి లాగింది. ఇప్పటికీ తలచుకుంటే నా చేతులు వణుకుతాయి. ఆ అంచున పిట్టగోడ లేదు. ఒక్కొక్క పిల్లవాని చేయి ఒక్కొక్క పెద్దవారు పట్టుకోవాలి. ఫోటో కోసమని వెనుకకు అడుగు వేయకూడదు, క్రిందికి నీళ్ల దగ్గరకు దిగకూడదు. పోయేది చలికాలములో పోండి. మన వేసవిలో ఆ బండలు పెనములే. నీళ్లు మోసుకొని పోండి, ఖాళీ సీసాలు తిరిగి తెచ్చుకోండి.

అంత దూరము పోలేనివారికి కడప నుండి సుమారు 20 కిలోమీటర్లలో సిద్ధవటము ఉంది. అక్కడ పెన్న ఒడ్డునే కోట. ఆ చుట్టుపక్కల పొదలలోనే 1986లో కలివికోడి మరల కనబడింది. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందని పండితులు వ్రాసేసిన పక్షి అది. దానిని పట్టి చూపించినది ఒక పల్లెటూరి మనిషి! రాత్రిపూట తిరిగే పక్షి గనుక మీకు కనబడదు, దానికోసమని పోవద్దు. అదీ కుదరకపోతే, ఆసుపత్రి చీటీ కోసము కాచుకొన్న రోజున రోగిని బస్టాండు బెంచీ మీద గాక, టౌనులో ఏదైనా పార్కులో చెట్టు క్రింద ఒక గంట కూర్చోబెట్టండి. కట్టుకొని పోయిన సద్ది అక్కడ తినండి.

ఫ్యాన్లు ఇంకా రాలేదు. పోయిన ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆ సంఘపెద్ద నా దగ్గరకు వచ్చి, వ్యాను బాడుగ ఎంతయిందని మెల్లగా అడిగాడు. చెప్పాను. కొంచెముసేపు నిలబడి, "మా ఇంటామెకు మోకాళ్ల నొప్పులు. బండి అంచు దాకా పోతాదా?" అన్నాడు.

కోట లోపలి దాకా పోతుంది, ఆ తరువాత కొంత దూరము బండల మీద నడవాలి, ఇద్దరము చెరొక చేయి పట్టుకుంటాములే అని చెప్పాను.