ఎక్స్‌రేకి చిక్కని పగులు

సినిమాలో హీరోగారు పదిమందిని తన్ని, దుమ్ము దులుపుకుని వెంటనే డ్యూయెట్ అందుకుంటారు. ఆయనకి ఎముకలు నొప్పెట్టవు. మనకి పెడతాయి! పి.వి. సింధుకే పెట్టాయి. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎడమకాలి నొప్పితోనే ఆడి బంగారు పతకం నెగ్గింది. తీరా చూస్తే ఎముకలో సన్నటి పగులు! టోక్యో ప్రపంచ పోటీలు వదులుకుని, మళ్ళీ కోర్టులో దిగేసరికి 2023 జనవరి వచ్చింది.

పడలేదు, దెబ్బ తగల్లేదు, మరి ఎలా పగిలిందంటారా? తీగని ఒకచోటే అటూ ఇటూ వంచుతుంటే పుటుక్కుమంటుంది చూడండి, అలాగన్నమాట. ఎముక రోజూ కాస్త దెబ్బతిని, విశ్రాంతిలో తనని తాను పూడ్చుకుంటుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా ఉన్నట్టుండి పరుగు పెంచితే చీలుతుంది. ఇదే స్ట్రెస్ ఫ్రాక్చర్. 1855లోనే ప్రష్యా సైన్యపు డాక్టరు బ్రైట్‌హాప్ట్ కవాతు సిపాయిల పాదాల్లో ఈ నొప్పినీ వాపునీ గమనించి రాశాడు. అప్పటికి ఎక్స్‌రే పుట్టనేలేదు!

ఇక మన తిరుపతి సంగతి. కానిస్టేబులు నోటిఫికేషన్ పడితే చాలు, నిన్నటిదాకా మంచం దిగని కుర్రాళ్ళు తెల్లారకుండానే గ్రౌండులో 1600 మీటర్లకి తయారు. చాలదన్నట్టు అలిపిరి నుంచి 3550 మెట్లు! కొన్ని వారాలకి పాదంలోనో ముంగాలి ఎముకలోనో నొప్పి. పరిగెత్తితే వస్తుంది, కూర్చుంటే పోతుంది. మాత్ర మింగి మళ్ళీ పరుగు. కొంప ముంచేది అదే. వేలితో నొక్కితే ఒకేచోట చురుక్కుమంటే పరుగు అక్కడితో ఆపాలి.

ఎక్స్‌రే తీయించి "ఏమీ లేదన్నారండీ" అని మురిసిపోకండి. మొదటి రెండు మూడు వారాలు అందులో తరచు కనబడదు. ఎమ్మారైలో దొరుకుతుంది. పుత్తూరు కట్టు మీద మనవాళ్ళ నమ్మకం తెలిసిందే. కాలు కదపనివ్వకపోవడం వైద్యంలో సగమని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఎక్కడ పగిలిందో తేలకుండా కట్టుకి పోవడం నాకు నచ్చదు. పాదం ముందుభాగపు ఎముకలైతే చాలావరకు ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతితో అతుక్కుంటాయి. ఈలోగా నొప్పి రాకపోతే ఈత, సైకిలు ఫరవాలేదు. గజ్జల్లో నొప్పయితే మాత్రం తొడ ఎముక మెడ దగ్గర పగులు కావచ్చు. అది విరిగి పక్కకి జరిగితే ఆపరేషనే! కాలు మీద బరువు మోపకుండా ఆరోజే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

సన్నబడాలని తిండి మాని పరిగెత్తే ఆడపిల్లలకి నెలసరి తప్పితే ఎముక ఇంకా బలహీనపడుతుంది. రాగి సంకటి తినే సీమలో ఈ పస్తులేమిటో!

సెలక్షను వచ్చే నెలే, ఆరు వారాలు ఎలా కూర్చోమంటారని అడుగుతారు. సింధు 2015లోనూ ఎడమ పాదంలో ఇలాంటి పగులుతోనే నెలల తరబడి ఆటకి దూరమైంది. రియోలో వెండి పతకం తెచ్చింది ఆ మరుసటి ఏడాదే.