ధర సరే, ఏ తేదీది?

సరుకు ధర తెలిసినంత మాత్రాన వ్యాపారికి పని గడవదు. ఆ ధర ఏ తేదీదో తెలియాలి. చిట్టా రాసే గుమాస్తాకు కూడా తెలిసిన ఈ సంగతిని, సరుకు పేరు కొట్టగానే ధర చూపించే కంప్యూటరు ఇండెక్సులలో కొన్ని పట్టించుకోవడం లేదు. సరుకుకు ఒకటే గడి, ఆ గడిలో ఒకటే అంకె. చిక్కంతా అక్కడే వస్తున్నది.

ధాన్యం సంగతే తీసుకుందాం. సాధారణ రకం ధాన్యానికి 2024-25 ఖరీఫ్ మార్కెటింగ్ సీజనులో మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,300. 2025-26 సీజనుకు రూ. 2,369. ఈ కొత్త ధరను కేంద్ర ప్రభుత్వం 2025 మే 28న ప్రకటించింది. సీజను మాత్రం అక్టోబరు 1న మొదలై మరుసటి సెప్టెంబరు 30తో ముగుస్తుంది. అంటే ప్రకటన తరువాత నాలుగు నెలలపాటు పాత ధరే చెల్లుబాటు. ఆ నెలల మొదట్లో తెలంగాణలో యాసంగి ధాన్యం కొనుగోలు కేంద్రాలకు ఇంకా వస్తూనే ఉంటుంది. ప్రకటన వెలువడిన నాడే పాత అంకె చెరిపి కొత్తది ఎక్కించిన ఇండెక్సు క్వింటాలుకు రూ. 69 తప్పు చెప్పినట్లే. రెండు వందల క్వింటాళ్ల లారీకి ఆ తేడా రూ. 13,800. అక్టోబరు 1న అంకె మార్చడం మరచిన ఇండెక్సుదీ అంతే తప్పు, ఎదురు దిక్కున.

ప్రతి రాత్రీ ఆనాటి ధరను ఇండెక్సులోకి ఎక్కిస్తే సరిపోతుందని కొందరి వాదన. ఒక్క రాత్రి ఆ పని ఆగితే నిన్నటి ధర నేటి ధరగా చలామణి అవుతుంది. పైగా పాత బిల్లుపై తగాదా వచ్చి ఆ తేదీ ధర అడిగితే జవాబు ఉండదు. ధరను ఇండెక్సులో పెట్టనే వద్దు, వేరే పుస్తకంలో చూసి చెబుదామని మరికొందరు అంటారు. ధర సరిగానే వస్తుంది. కాని చౌక సరుకు ముందు చూపమన్నా, ఫలానా ధరకు లోపలివి ఏరమన్నా ఇండెక్సుకు చేత కాదు.

కనుక ధరలు ఇండెక్సులోనే ఉండాలి, తేదీలతో సహా ఉండాలి. ధర, మొదలు తేదీ, ముగింపు తేదీ మూడూ ఒకే పద్దులో కట్టుబడి ఉండాలి. ధరలన్నీ ఒక సంచిలో, తేదీలన్నీ మరో సంచిలో పోస్తే మళ్లీ మోసమే. 2025 జూలైలో రూ. 2,350కి పైబడిన ధర ఉన్నదా అని అడిగితే అటువంటి ఇండెక్సు ఉన్నదనే చెబుతుంది. జూలై పాత పద్దులోది, రూ. 2,369 కొత్త పద్దులోది. రెండూ కలిసి లేని ధరను పుట్టిస్తాయి. ముగింపు తేదీ లెక్కలోకి వస్తుందో రాదో కూడా ముందే తేల్చుకోవాలి. లేకుంటే ఒక రోజుకు రెండు ధరలు పడతాయి, లేదా ఒక్కటీ ఉండదు.

వాయిదా వ్యాపారంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపుకు ఒకే రోజున ఒక్కో నెల వాయిదాకు ఒక్కో ధర పలుకుతుంది. అక్కడ బేరం జరిగిన తేదీతో పాటు వాయిదా నెల కూడా పద్దులో ఉండవలసిందే.

యార్డు సెలవుల మాట మరొకటి. గుంటూరు మిర్చి యార్డుకు ఏటా వేసవి సెలవులు ఇవ్వడం పరిపాటి. ఆ రోజుల్లో ఆఖరి బేరం ధరను చూపవచ్చు, దాని పక్కన దాని తేదీ కూడా చూపాలి. నేటి ధర అని రాయడం కూడదు.

ఇండెక్సులు నడిపేవారు పాత పద్దులు చెరపకుండా ఉంచడం, ప్రతి ధర పక్కన తేదీ కనిపించేట్లు చేయడం తక్షణావసరం. వాడుకునే వర్తకులు, బ్రోకర్లు కూడా ఆ పట్టు పట్టాలి. తేదీ వేయని బిల్లును ఏ వ్యాపారీ ఆవర్జాలో ఎక్కించడు. తేదీ లేని ధరను నమ్మి బేరం ఖాయం చేయడం మాత్రం ఏమి వ్యాపారం?